లినక్స్ ఆరంభదశలో తాత్కాలిక డైరెక్టరీలు: ‘/రన్’ చరిత్ర

ప్రస్తావన

కృష్ణా డెల్టాలో వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీస్తారు, లాకులకు మరమ్మతులు చేస్తారు. విజయవాడలోని ప్రకాశం బ్యారేజి నుండి మళ్లీ నీరు విడిచేలోగా ఆ పని ముగియాలి. కంప్యూటర్ ఆరంభంలోనూ ఇటువంటి క్రమం ఒకటుంది: ఏ సేవ అయినా నడవడానికి ముందే దాని తాత్కాలిక సమాచారానికి చోటు సిద్ధం కావాలి. లినక్స్‌లో ఆ చోటు రూపొందిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

‘/వార్/రన్’ దశ

నడుస్తున్న ప్రతి ప్రక్రియకూ ఒక సంఖ్య ఉంటుంది. సేవలు తమ సంఖ్యను చిన్న ఫైలులో రాసి ఉంచుతాయి. మొదట ‘/ఇటిసి’లో ఉండిన ఈ ఫైళ్లు తర్వాత ‘/వార్/రన్’కు మారాయి. కరెంటు పోయి యంత్రం ఆగితే పాత సంఖ్య డిస్కులో మిగిలిపోతుంది. పునఃప్రారంభంలో అదే సంఖ్య వేరొక ప్రక్రియకు రావచ్చు. అప్పుడు సేవ తాను ఇదివరకే నడుస్తున్నట్లు భావించి ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే 2004లో వెలువడిన ఫైల్ వ్యవస్థ ప్రమాణం 2.3 ఈ ఫైళ్లను ఆరంభంలోనే తొలగించాలని నిర్దేశించింది.

అయినా మరొక చిక్కు మిగిలింది. ‘/వార్’ డిస్కులో వేరొక విభాగంగా ఉంటే, అది అందుబాటులోకి రాకముందు నడిచే ప్రోగ్రాములకు రాసుకునే చోటు ఉండదు. అందువల్ల పరికరాలను గుర్తించే ‘యుడెవ్’ వంటివి ‘/డెవ్’లో దాగిన డైరెక్టరీలను ఆశ్రయించాయి.

2011 మార్పు

2011లో ఫెడోరా 15 ‘/రన్’ను ప్రవేశపెట్టింది. ఇది డిస్కులో కాక మెమరీలో ఉంటుంది. ఆరంభంలోనే ఏర్పడి, యంత్రం ఆగగానే నశిస్తుంది. ‘/వార్/రన్’ అనే పాత పేరు ఈ కొత్త చోటినే సూచించసాగింది. 2013లో డెబియన్ 7 దీనిని స్వీకరించగా, 2015లో ప్రమాణం 3.0 గుర్తించింది.

అయితే సాఫ్ట్‌వేర్ స్థాపించినప్పుడు ఒక్కసారి సృష్టించిన ఉపడైరెక్టరీలు ఇకపై ప్రతి ఆరంభంలోనూ మాయమయ్యాయి. ‘/రన్’లో రాసే అధికారం సాధారణ సేవలకు లేదు కనుక అవి వాటిని తిరిగి సృష్టించుకోలేక విఫలమయ్యాయి. దీనికి ‘సిస్టమ్‌డి’ చూపిన పరిష్కారం ‘టెంప్‌ఫైల్స్.డి’: డైరెక్టరీ పేరు, యజమాని, అనుమతులు ఒక్క పంక్తిలో రాసి ఉంచితే, ప్రతి ఆరంభంలోనూ వ్యవస్థే దానిని నిర్మిస్తుంది.

ముగింపు

పూర్వం ఉపడైరెక్టరీ నిలిచి ఉండటం డిస్కు స్వభావం వల్ల జరిగింది. ఇప్పుడు అది లిఖిత నియమం వల్ల జరుగుతున్నది. తాత్కాలికమైన దానిని శాశ్వతమైన దానితో కలిపి ఉంచడమే పాత లోపాలకు మూలం. నశించవలసినది నశించాలి, దానిని తిరిగి నిర్మించే నియమం మాత్రం నిలవాలి. ‘/రన్’ చరిత్ర నిరూపించే విషయం ఇదే.