నీటిధారతో నడచు పడవ

హైదరాబాదు నగరమున మాదాపూరు, జూబ్లీహిల్సు ప్రాంతముల నడుమ గ్రానైటు గుట్టల మధ్య దుర్గం చెరువు కలదు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీరు ఈ చెరువునుండియే పోయెడిది. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట దీని పరిసరములందు హైటెక్ సిటీ పెరిగినది. 2020లో చెరువుమీద తీగల వంతెన వెలసినది. నాడు కోటకు దాహము తీర్చిన చెరువు నేడు విహారపు పడవలకు పేరుపొందినది.

దక్కను చెరువులలో మరపడవ నడుపువారికి రెండు చిక్కులు కలవు. నీటి అడుగున బండలుండును. నీటిపై గుర్రపు డెక్క అల్లుకొనియుండును. పడవ క్రింద తిరుగు ప్రొపెల్లరు రెక్క బండకు తగిలిన విరుగును. డెక్క తీగ చుట్టుకొన్న ఆగిపోవును. మొదటి చిక్కునకు మానవుడు కనుగొన్న ఉపాయములలో జెట్ పడవ యొకటి. ఇందులో బయటికి పొడుచుకొని వచ్చు రెక్క యుండదు. పడవ అడుగున నున్న రంధ్రముగుండ పంపు నీటిని పీల్చి, వెనుకనున్న సన్నని మూతిగుండ బలమైన ధారగా వెడలగొట్టును. ఆ ధారకు ప్రతిచర్యగా పడవ ముందుకు సాగును. రెండవ చిక్కునకు మాత్రము జెట్ పడవ పూర్తి సమాధానము కాదు. ఏల కాదో తెలియవలెనన్న దాని చరిత్రయు, నిర్మాణమును తెలిసికొనవలయును.

ఈ విద్య ప్రకృతికి క్రొత్త కాదు. చెరువులలో నుండు తూనీగ పిల్లపురుగు అపాయము కలిగినపుడు తన పొట్టలోని నీటిని వెనుకకు చిమ్మి ముందుకు దుముకును. సముద్రమున స్క్విడ్ అను జంతువును ఇట్లే చేయును. దీపావళినాటి తారాజువ్వయు, పూర్తిగా తిప్పిన కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టము చేతిలో వెనుకకు తన్నుటయు ఈ సూత్రమునకే ఉదాహరణములు. ప్రతి చర్యకును సమానమై వ్యతిరేకమైన ప్రతిచర్య యుండునని న్యూటన్ 1687లో ప్రకటించెను.

ఆశ్చర్యమేమన, న్యూటన్ గ్రంథము వెలువడుటకు పూర్వమే ఈ పడవ మానవుని ఊహకు వచ్చినది. 1661లో ఇంగ్లండునందు టూగుడ్, హేస్ అను ఇరువురు నీటిని బలవంతముగా వెడలగొట్టి నౌకను నడపు పద్ధతికి పేటెంటు పొందిరి. 1738లో డేనియల్ బెర్నూలీ తన జలగతిశాస్త్ర గ్రంథమున నీటిధార వలన కలుగు ప్రతిచర్యను గణితముతో చర్చించెను. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఇట్టి నౌకను గూర్చి సూచన చేసెను. రెండేండ్లకే, 1787 డిసెంబరు 3వ తేదీన, జేమ్స్ రమ్సే అను నతడు పోటోమాక్ నదిలో ఆవిరియంత్రముతో పంపును త్రిప్పి, నీటిధారతో పడవను ఎదురు ప్రవాహమున నడపి చూపెను. దాని వేగము గంటకు మూడు నాలుగు మైళ్లు మాత్రమే. మరింత పెద్ద పడవను నిర్మించుటకై రమ్సే లండనుకు పోయెను. కాని దాని పరీక్ష జరుగకముందే 1792లో అచ్చట మరణించెను.

తరువాతి గొప్ప ప్రయత్నము బ్రిటిషు నౌకాదళమునది. 1866లో ఆ దళము వాటర్‌విచ్ అను కవచపు నౌకను జలప్రవేశము చేయించెను. అందు రూత్వెన్ పద్ధతి ననుసరించి ఒక పెద్ద అపకేంద్ర పంపు అడుగునుండి నీటిని తీసికొని, ఇరుప్రక్కలనున్న మూతులగుండ చిమ్మెడిది. యంత్రమును వ్యతిరేకదిశలో త్రిప్పకయే, కవాటములను మార్చినంతనే నౌక వెనుకకు నడచెడిది. ఇది గొప్ప సౌకర్యమే. అయినను నౌకాదళము ఆ మార్గమును విడిచి ప్రొపెల్లరునే నమ్ముకొన్నది.

ఇందులకు కారణమును ఉన్నత పాఠశాల విద్యార్థులు స్వయముగా లెక్కించి తెలిసికొనవచ్చును. ఒక పంపు సెకనుకు 50 కిలోగ్రాముల నీటిని వెడలగొట్టుచున్నదనుకొందము. పడవను బట్టి చూడగా ధారవేగము సెకనుకు 20 మీటర్లు. పడవ సెకనుకు 2 మీటర్ల వేగమున పోవుచున్నచో, లోనికి వచ్చు నీటి వేగము 2, బయటికి పోవు నీటి వేగము 20. సెకనుకు కలుగు ద్రవ్యవేగపు మార్పు 50ని 18చే గుణింపగా 900. అనగా పడవను నెట్టు బలము 900 న్యూటన్లు. ఆ బలము సెకనుకు చేయు పని 1,800 జౌళ్లు. కాని నీటికి పంపు ఇచ్చిన గతిశక్తి సెకనుకు 9,900 జౌళ్లు. నూటికి సుమారు 18 పాళ్లే పడవకు ఉపయోగపడినవి. మిగిలినది వెనుక నీటిని కలచుటలో వ్యర్థమైనది.

అదే పడవ సెకనుకు 10 మీటర్ల వేగమున, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. నెట్టు బలము 500 న్యూటన్లకు తగ్గును. కాని సెకనుకు అది చేయు పని 5,000 జౌళ్లు, నీటికిచ్చిన శక్తి 7,500 జౌళ్లు. దక్షత మూడింట రెండు పాళ్లు. కనుక నీటిధార వేగముగా పోవు తేలిక పడవలకు తగినది గాని, మెల్లగా నడచు బరువైన నౌకలకు తగినది కాదు. తొలినాటి పడవలు నిదానమైనవి. వాని గొట్టములు వంకరలు తిరిగి మరికొంత శక్తిని మ్రింగివేసినవి. ఊహ తప్పు కాదు. దానికి తగిన తేలిక ఇంజను అప్పటికి పుట్టలేదు.

ఆ ఇంజను పుట్టిన తరువాత ఈ విద్యకు జీవము పోసినవాడు న్యూజీలండు దేశీయుడు విలియం హామిల్టన్. ఈయన 1899లో జన్మించెను. ఐరిష్‌మన్ క్రీక్ అనుచోట గొఱ్ఱెల పెంపకము సాగించుచు, స్వంత కర్మశాలలో మట్టి త్రవ్వు యంత్రములను నిర్మించుచుండెడివాడు. ఆ ప్రాంతపు నదులు గులకరాళ్లపై పలుపాయలుగా చీలి, పలుచోట్ల మోకాలిలోతునకు మించక పారును. ప్రొపెల్లరు పడవ అచ్చట పనికిరాదు. 1950 దశాబ్దపు తొలిభాగమున హామిల్టన్ చిన్న ప్లైవుడ్ పడవకు మోటారుకారు ఇంజనును, నీటిపంపును అమర్చి చూచెను. మొదట ధార వెడలు మూతి పడవ అడుగు క్రింద నీటిలో నుండెడిది. దానివలన నిరోధము హెచ్చి వేగము చాలలేదు. అంతట ఆయన మూతిని పడవ వెనుకభాగమునకు, నీటిమట్టమునకు పైగా చేర్చెను. వేగము వెంటనే పెరిగినది.

ఇచ్చట సామాన్యముగా కలుగు ఒక అపోహను తొలగింపవలెను. నీటిధార వెనుకనున్న నీటిని నెట్టుటవలన పడవ కదలుచున్నదని పలువు రనుకొందురు. అట్లయినచో గాలిలోనికి చిమ్మిన ధార పడవను కదలింపరాదు. నిజమునకు పంపు నీటికి వేగము నిచ్చునపుడే ప్రతిచర్య పడవమీద పనిచేయును. బయట నీరున్నను గాలియున్నను భేదము లేదు. హామిల్టన్ చేసిన మార్పు ఈ సత్యమునకు కంటి కెదుటి నిదర్శనము. ఈ యూహ తనది కాదనియు, దానిమూలము ఆర్కిమిడీస్ నాటిదనియు ఆయన వినయముతో చెప్పెడివాడు. 1974లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1978లో ఆయన మరణించెను.

1960లో హామిల్టన్ పడవలు అమెరికాలోని కొలరాడో నదిలో గ్రాండ్ కాన్యన్ లోయగుండ ఎదురు ప్రవాహమున పైకి పోయినవి. ఆయన కుమారుడు జాన్ హామిల్టన్ ఆ యాత్రలో పడవ నడిపెను. 1977లో ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ నాయకత్వమున గంగ, కివి, ఎయిర్ ఇండియా అను మూడు జెట్ పడవలు గంగాసాగరమునుండి బయలుదేరి నదికి ఎదురుగా హిమాలయములకు పోయినవి. జాన్ హామిల్టన్ అందును ఉండెను. నందప్రయాగ చెంత జలపాతము అడ్డుపడువరకు ఆ పడవలు సాగినవి.

తెలుగు సీమలో ఈ విద్య విశాఖపట్టణమునకు చేరినది. 1948లో జవహర్లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించిన జలఉష ఓడకు జన్మస్థానమైన ఆ నౌకా నిర్మాణ కేంద్రమే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు. అచ్చట నిర్మింపబడిన రాణి అబ్బక్క అను తీరరక్షక నౌక 2012 జనవరిలో సేవలో ప్రవేశించినది. సుమారు 51 మీటర్ల పొడవుగల ఈ నౌకను నీటిధారలే నడుపును. దాని గరిష్ఠవేగము సుమారు 34 నాట్లు, అనగా గంటకు 63 కిలోమీటర్లు. వాటర్‌విచ్ నాడు ఓడిన సూత్రము తగిన వేగము లభించినంతనే గెలిచినది.

ఇక చిన్న జెట్ పడవను గూర్చి విచారింతము. క్రొత్త పడవ వెల యెక్కువ. కనుక వాడిన పడవను కొని బాగుచేయించుకొనుట కలదు. పై రంగును చూచి మోసపోరాదు. అట్టి పడవను నీటిలో దింపుటకు ముందు పరీక్షింపవలసిన ప్రతి భాగమును పైన చెప్పిన చరిత్రకు సంబంధించినదే.

మొదట అడుగున నున్న కమ్మీల జల్లెడను చూడవలెను. రాళ్లను, చెత్తను లోనికి పోనీయకుండుటకై దానిని అమర్చెదరు. ఒక్క కమ్మీ విరిగినను రాయి లోపలికి పోయి పంపును చెరచును. తరువాత పంపులో తిరుగు ఇంపెల్లరును, దానిచుట్టునున్న వలయమును పరీక్షింపవలెను. ఈ రెంటి నడుమ ఖాళీ మిల్లీమీటరులో చిన్న భాగము మాత్రమే యుండవలెను. ఇసుక నీటిలో నడచిన పడవలందు ఈ ఖాళీ క్రమముగా పెరుగును. అప్పుడు ఎక్కువ పీడనమున నున్న నీరు ఆ సందుగుండ వెనుకకు జారును. ఇంజను ఎంత తిరిగినను పడవకు బలము చాలదు. జల్లెడకు డెక్క అడ్డుపడినను ఇదే లక్షణము కనబడును. భేదమేమన, అరుగుదల మెల్లమెల్లగా తెలియును. డెక్క ఉన్నట్టుండి పట్టుకొనును. దుర్గం చెరువువంటి చోట్ల జెట్ పడవ పూర్తి సమాధానము కాదనుటకు ఇదియే కారణము. పీల్చు యంత్రము నీటితోబాటు చెత్తనుకూడ పీల్చును.

పిదప ఇరుసు పడవలోనికి ప్రవేశించుచోట నున్న సీలును, బేరింగును చూడవలెను. సీలు చెడిన పడవలోనికి నీరు చేరును. పెక్కు జెట్ పడవలలో ఈ భాగములను చల్లార్చునది పంపులోని నీరే గనుక గట్టుమీద పొడిగా ఇంజనును నడపరాదు. వెనుకనున్న మూతి కుడియెడమలకు సులభముగా తిరుగవలెను. వెనుకకు నడచుటకై ధారను ముందుకు మరల్చు మూకుడు తడబడక పైకి క్రిందికి కదలవలెను. జెట్ పడవకు వేరుగా చుక్కాని లేదు, ధారయే చుక్కాని. ఎదుట అడ్డు కనబడినపుడు భయపడి ఇంజనును తగ్గించినచో ధార తగ్గి, పడవ మలుపు తిరుగక నేరుగా పోయి ఢీకొనును. క్రొత్తగా నడుపువారికి మొట్టమొదట నేర్పవలసిన పాఠమిది.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పడవ అడుగున చేరియుండును. కనుక ఇంజనును నడపుటకు ముందు ఆ భాగమునకు గాలి ఆడునట్లు చేయవలెను. నీరు వదలు బిరడా బిగించిరో లేదో చూడవలెను. తొలిసారి నీటిలో దింపినపుడు పడవను త్రాటితో గట్టునకు కట్టియుంచి, నీరు కారుచున్నదేమో కొంతసేపు గమనించి, ఆ తరువాతనే జనులను ఎక్కింపవలెను. జల్లెడలో చిక్కిన డెక్కను తీయునపుడు ఇంజనును పూర్తిగా ఆపవలెను. బయట రెక్క లేనందున నీటిలోనున్న మనుష్యులకు జెట్ పడవవలన గాయముల భయము తక్కువే. కాని త్రాళ్లు, వదులైన వస్త్రములు, పొడవైన జుట్టు జల్లెడవైపు లాగబడవచ్చును.

వాడిన పడవ మరియొక అపాయమును మోసికొని రావచ్చును. గుర్రపు డెక్క దక్షిణ అమెరికానుండి వచ్చిన మొక్క. దాని చిన్న తునక చాలు, క్రొత్త చెరువును క్రమముగా ఆక్రమించుటకు. కనుక ఒక చెరువునుండి మరియొక చెరువునకు పడవను కొనిపోవునపుడు లోని నీటిని పూర్తిగా వదలి, జల్లెడను, పంపును కడిగి, బాగుగ ఆరనీయవలెను.

ఈ జాగ్రత్తలు ధనికుల వినోదమునకు మాత్రమే సంబంధించినవని తలపరాదు. 2017 నవంబరులో కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము చెంతను, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు చెంతను విహారపు పడవలు మునిగి పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. అవి జెట్ పడవలు కావు. కాని నీరు ఏ పడవనైనను ఒకే విధముగా పరీక్షించును. దేశమున 1917 నాటి చట్టమునకు బదులుగా 2021లో అంతర్దేశీయ నౌకల చట్టము వచ్చినది. యంత్రపు పడవలకు తనిఖీ, నమోదు ఉండవలెనని అది విధించుచున్నది. తనిఖీ పత్రము గట్టున వ్రాయబడును. దాని విలువ నడినీటిలో తెలియును.

రమ్సే కాలమునుండి నేటివరకు ఈ పడవ చరిత్ర చెప్పునది ఒక్కటే. సూత్రము సత్యమైనంత మాత్రమున యంత్రము నడువదు. దాని ప్రతి సందును, ప్రతి బిగువును సరిచూచినవారికే అది లోబడును. పడవ ఎక్కు ముందు లైఫ్ జాకెట్టు అడుగు విద్యార్థియు, ఎందుకు అడుగవలెనో తరగతిలో బోధించు ఉపాధ్యాయుడును ఆ చరిత్రను కొనసాగించువారే.