బ్రోజ్లీ పైపు

కొండవాలు ఎక్కి వస్తుంటే ముందు బొగ్గుపొగ వాసన తగులుతుంది. వెనక్కి తిరిగి చూస్తే కింద సెవెర్న్ నది, దాని మీద 1779లో నిలబెట్టిన ఇనుప వంతెన. మీరు ఇంగ్లండులో, ష్రాప్‌షైర్‌లోని బ్రోజ్లీ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. విక్టోరియా రాణి పాలన చివరి రోజులు. ఇళ్ల కప్పుల మీదుగా మెడ సాగదీసుకుని ఒక బట్టీ కనిపిస్తోంది. దాని ఆకారాన్ని బట్టి సీసా బట్టీ అంటారు. దాని పక్క గేటులోంచి లోపలికి రండి.

దొడ్లో తెల్లమట్టి గడ్డలు గుట్టగా పోసి ఉన్నాయి. మూడొందల ఏళ్ల కింద ఇక్కడ పొగాకు పైపుల పని మొదలైనప్పుడు ఈ ఊరి మట్టే సరిపోయేది. ఇప్పుడు డెవన్ లాంటి దక్షిణ ప్రాంతాల నుంచి తెప్పిస్తున్నారు. ఆ మట్టిలో ఇనుము పాలు తక్కువ, అందుకే కాల్చినా ఎర్రబడదు. పొగ తాగేవాడికి పైపు తెల్లగా ఉండాలి మరి. మన చుట్టకు ఈ తంటా ఏదీ లేదు, అక్కడ పొగాకే గొట్టం.

మెట్లెక్కితే పనిగది. గది నిండా ఎక్కువగా ఆడవాళ్లే. బల్ల మీద మట్టి పాయలు వరసగా ఉన్నాయి. ఒక చివర లావు, అక్కడి నుంచి సన్నగా సాగిన తోక. నిన్న చేసి ఆరబెట్టినవి. ఇప్పటికి చేతికి అంటనంత, వంచితే విరగనంత పదునుకు వచ్చాయి. ఒకామె ఒక పాయ అందుకుని, అవిసె నూనె రాసిన తీగను తోక చివర నుంచి లోపలికి గుచ్చుతుంది. చూపు తీగ మీద లేదు, పక్కావిడతో ఏదో మాట్లాడుతోంది. కాడను పట్టుకున్న బొటనవేలు, చూపుడువేలు మాత్రం తీగ మొన వెంటే నడుస్తున్నాయి. మొన ఓ పక్కకు ఒరిగితే అక్కడ మట్టి పలచబడి వేలికి తెలుస్తుంది. వెంటనే కాడను వెంట్రుకవాసి తిప్పి మళ్లీ దారిలో పెడుతుంది. మీరూ ఒకటి ప్రయత్నించండి. నాలుగంగుళాలు పోకముందే తీగ పక్కనుంచి పొడుచుకొస్తుంది. ఆమె నవ్వి, మీ పాయను మళ్లీ ముద్దలో కలిపేస్తుంది. 'చర్చ్‌వార్డెన్' అనే పొడుగు రకానికైతే తీగ ఇలా అడుగున్నర దూరం దారి తప్పకుండా వెళ్లాలి.

తీగ లోపల ఉండగానే ఆ పాయను ఇనుప అచ్చు రెండు బద్దల మధ్య పెట్టి, మరలో బిగించి, మీట కిందికి లాగుతుంది. పైనుంచి దిగిన ఇనుప మొద్దు లావు చివరను తొలిచి పొగాకు గిన్నె చేస్తుంది. మిగులు మట్టి అంచు మీదికి ఉబుకుతుంది. అప్పుడు తీగను ఇంకొక్క నెట్టు. మొన గిన్నె అడుగున బయటపడుతుంది. పొగకు దారి ఏర్పడింది. అచ్చు విప్పి, తీగ లాగి, పైపు పక్కన పెట్టి ఆమె ఇంకో పాయ అందుకుంటుంది. అవతలి బల్ల దగ్గర ఇంకొకావిడ అతుకు గీతలు కత్తితో గీకి నున్న చేస్తోంది.

కాడ మీద ముద్ర చూడండి: యజమాని ఇంటిపేరు, పక్కన బ్రోజ్లీ. 17వ శతాబ్దంలో ఇంటి వెనక కొట్టంలో పైపులు చేసినవాడు గిన్నె కింది మడమ మీద తన పేరు నొక్కుకునేవాడు. ఆ పైపులో అతని భార్యాపిల్లల కష్టమెంతో అప్పుడూ ఎవరూ రాయలేదు. పైపుల చరిత్రలో నాకు అన్నిటికన్నా చిరాకు కలిగించే సంగతి ఇదే. పొగాకును తిడుతూ 1604లో స్వయంగా పుస్తకం రాసిన జేమ్స్ రాజు, 1619లో పైపు తయారీదారుల సంఘానికి సన్నదు ఇచ్చిన వైనం కూడా అందులో ఉంది కానీ, అది చదివితే నవ్వొస్తుంది.

కిందికి దిగుదాం. సన్నటి కాడలు కదా, మంట నేరుగా తగిలితే పాడైపోతాయి. అందుకే వాటిని మందపాటి మట్టి పెట్టెల్లో పేర్చి, పెట్టె మీద పెట్టెగా బట్టీ నిండా దొంతర్లు పెడతారు. కాలి చల్లారిన పైపు ఒకటి తీసుకుని పెదవికి ఆనించండి. అతుక్కుపోతుంది. కాలిన మట్టి తడిని పీల్చేస్తుంది, గట్టిగా లాగితే పెదవి తోలు ఊడుతుంది. నోట పెట్టుకునే కొసకు మైనమో గాజుపూతో ఇచ్చేది అందుకే.

సాయంత్రం పబ్బులోకి వెళ్తే బల్ల మీద ఇవే పైపులు, వచ్చినవాళ్ల కోసం ఊరికే పెట్టి ఉంటాయి. విరిగితే పారేస్తారు, ఇంకోటి తీసుకుంటారు. మసిబారినవాటిని ఇనుప చట్రంలో పేర్చి పొయ్యిలో కాలిస్తే మళ్లీ తెల్లబడతాయి. పాత పైపుల గిన్నెలు ఎంత చిన్నవంటే చిటికెనవేలు కూడా దూరేది కాదు. పొగాకు అప్పట్లో అంత ఖరీదు. ధర దిగుతూ వచ్చింది, గిన్నె పెరుగుతూ వచ్చింది.

ఇక కాలాన్ని ముందుకు జరపండి. చెక్క పైపు కిందపడినా విరగదు. సిగరెట్టుకు అసలు పైపే అక్కర్లేదు. 1914 యుద్ధంలో సైనికుల నోట సిగరెట్టు స్థిరపడిపోయింది. 1920ల చివరికి మన గుంటూరు నేలల్లో వర్జీనియా ఆకు పండి, బ్యారన్లలో క్యూరింగై, ఓడలెక్కి ఇంగ్లండు సిగరెట్లలోకి చేరింది. బ్రోజ్లీ పైపును దెబ్బతీసినవాళ్ల పద్దులో మన వంతూ కొంత ఉందన్నమాట. 1950లలో ఇక్కడ పని ఆగింది. బల్లలు, అచ్చులు, పెట్టెలు ఎక్కడివక్కడే వదిలి వెళ్లారు. 1996లో ఆ కర్మాగారమే మ్యూజియంగా తెరుచుకుంది.

ఈలోగా అమెరికాలో మట్టి పైపులకు ఇంకో గిరాకీ పుట్టింది. జె.సి. హారింగ్టన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాల్లో దొరికిన కాడ ముక్కల్లోకి డ్రిల్ బిట్లు దూర్చి చూశాడు. 1600 తొలి దశకాల కాడల్లో రంధ్రం సుమారు 9/64 అంగుళం, 18వ శతాబ్దం రెండో సగానికి 4/64. కాడలు పొడుగై, సన్నబడే కొద్దీ తీగ కూడా సన్నబడింది. 1954లో ఆయన ఇది ప్రచురించాక, పారేసిన కాడ ముక్కలతో ఇళ్లకూ కోటలకూ వయసు కట్టడం మొదలైంది. విరగ్గానే పారేసే వస్తువు కాబట్టే అది నమ్మకమైన సాక్షి అయింది. నాణెం తరాలపాటు చేతులు మారుతుంది, మట్టి పైపు కొన్న ఏడాది దాటడమే గగనం.

కాకపోతే ఈ లెక్క 1780ల దాకానే నడుస్తుంది. ఆ తర్వాత రంధ్రం కొలతను బట్టి వయసు చెప్పలేం. ఇందాక మీ కళ్లముందు చేసిన పైపు ఎప్పుడో ఒక తవ్వకంలో ముక్కలై దొరికితే డ్రిల్ బిట్ వల్ల తేలేది ఏమీ ఉండదు. కాడ మీది కంపెనీ పేరు చదువుకోవాల్సిందే.