విముక్తి తరువాత: అక్రమ రవాణా బాధితుల పునరావాస చరిత్ర

మనుషుల అక్రమ రవాణా గురించి చదివేటప్పుడు చట్టాలు వచ్చిన సంవత్సరాలను గుర్తుంచుకోవడం తేలిక. కాని విముక్తి పొందిన మహిళ ఆ రాత్రి ఎక్కడ తలదాచుకుంది, అయిదేళ్ల తరువాత ఎలా బతికింది అని అడిగినప్పుడే ఈ చరిత్ర అర్థమవుతుంది. ఈ భాగంలో ఆ ప్రశ్నకు మనదేశంలో దొరికిన సమాధానాలను పరిశీలిద్దాం.

తొలి ప్రయత్నాలు

దేవదాసీ ఆచారం, అక్రమ రవాణా ఒకటి కావు. అయినా ఆశ్రయం లేకుండా విముక్తి నిలవదన్న సంగతి ఆ ఆచార నిర్మూలన ఉద్యమంలోనే స్పష్టమైంది. మద్రాసు శాసనమండలిలో ఆ ఆచారానికి వ్యతిరేకంగా పోరాడిన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి, దాని నుంచి బయటపడిన బాలికల కోసం 1930 ప్రాంతంలో అవ్వై హోమ్‌ను స్థాపించారు. దేవాలయాలకు బాలికలను అర్పించడాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్ర చట్టం 1947లో వచ్చింది. అప్పటికి ఆంధ్ర ప్రాంతం ఆ రాష్ట్రంలో భాగమే. అంటే చట్టం కంటే ముందే ఇల్లు, చదువు వచ్చాయి.

రక్షణా? నిర్బంధమా?

రాజ్యాంగంలోని 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, వెట్టిచాకిరిని నిషేధించింది. 1956లో పార్లమెంటు స్త్రీలు, బాలికల అవినీతికర వ్యాపార నిరోధక చట్టం చేసింది. 1986 సవరణతో దాని పేరు, పరిధి మారాయి. ఈ చట్టం కింద రక్షణ గృహాలు ఏర్పడ్డాయి. విచారణ తరువాత మేజిస్ట్రేటు ఒక మహిళను ఏడాది నుంచి మూడేళ్ల వరకు అక్కడ ఉంచవచ్చు. వ్యాపారుల చేతికి మళ్లీ చిక్కకుండా చూడటమే దీని ఉద్దేశం. అయితే వయోజనురాలి ఇష్టానికి ఇందులో చోటు తక్కువ. విడిపించిన మనిషి మరో గేటు లోపలే మిగిలిపోయే పరిస్థితి వచ్చింది.

దృక్పథంలో మార్పు

1984లో నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు వెట్టి కార్మికులను విడిపిస్తే చాలదని, పునరావాసం లేకపోతే పేదరికం వారిని మళ్లీ వెట్టిలోకే నెడుతుందని చెప్పింది. 1996లో హైదరాబాదులోని మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించినప్పుడు, అక్కడి మహిళల పిల్లల కోసం ఒక బడి మొదలైంది. అదే ప్రజ్వల సంస్థకు నాంది. తరువాతి కాలంలో అది బాధితులకు ఆశ్రయంతో పాటు వెల్డింగు, వడ్రంగం వంటి పనుల్లో శిక్షణ ఇచ్చింది. 2007లో కేంద్రం ప్రవేశపెట్టిన ఉజ్జ్వల పథకంలో నివారణ, విముక్తితో పాటు పునరావాసం, సమాజంలో పునరేకీకరణ చేరాయి. 2022లో సుప్రీంకోర్టు, ఇష్టానికి వ్యతిరేకంగా రక్షణ గృహాల్లో ఉన్న వయోజన మహిళల విడుదలను పరిశీలించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

సారాంశం

విముక్తి ఒక్కరోజులో జరుగుతుంది. కోర్టు కేసు, వైద్యం, గుర్తింపు కార్డు, ఉపాధి, ఇరుగుపొరుగు మన్నన మాత్రం ఏళ్ల తరబడి సాగే పనులు. ఇంటికి తిరిగి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆమెదే కావాలి. లేకపోతే రక్షణ పేరుతో మరొకరు ఆమె జీవితాన్ని నిర్ణయించినట్లే అవుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

రక్షణ గృహానికి, పునరావాసానికి గల తేడాను పై ఉదాహరణల ఆధారంగా వివరించండి.