గ్లకోమా ఫీల్డ్ టెస్ట్: పాత రిపోర్టులు ఎందుకు దాచుకోవాలి?

గ్లకోమా అంటే తెలుగులో నీటికాసులు. ఇందులో కంటి నరం మెల్లగా దెబ్బతింటుంది. ఎక్కువమందికి నొప్పి ఉండదు. ముందు పక్కచూపు తగ్గుతుంది, ఎదుటి చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. అందుకే బోర్డు మీది అక్షరాలన్నీ చదివేసిన అబ్బాజాన్‌కు కూడా డాక్టర్ ఫీల్డ్ టెస్ట్ రాస్తారు.

పెద్ద కంటి ఆసుపత్రుల్లో దీనికి హంఫ్రీ మిషన్ వాడతారు. ఒక కన్ను మూసి, గిన్నెలాంటి తెర మధ్యలోని లైటునే చూస్తూ, చుట్టూ ఎక్కడ చుక్క వెలిగినా బటన్ నొక్కాలి. 24-2 పద్ధతిలో 54 చోట్ల చూపు కొలుస్తారు. చాలా చుక్కలు కనిపించవు. కంటి హద్దు ఎక్కడో తెలుసుకోవడానికి మిషన్ కావాలనే అంత మసకగా వెలిగిస్తుంది. ఇది తెలియక కొందరు కంగారుపడి కనిపించకపోయినా నొక్కేస్తుంటారు. అప్పుడు రిపోర్టు బాగానే వస్తుంది, కానీ పనికిరాదు.

రిపోర్టులో ఎండీ అనే అంకె చూడండి. అదే వయసు ఆరోగ్యవంతులతో పోలిస్తే చూపు ఎంత తగ్గిందో డెసిబెల్స్‌లో చెబుతుంది. సున్నా దగ్గరుంటే మామూలు. మైనస్ 6 దాకా తొలిదశ, మైనస్ 12 దాటితే తీవ్రం.

అయితే ఇది బ్యాంకు పాస్‌బుక్ లాంటిది. ఈరోజు బ్యాలెన్స్ ఒక్కటే చూస్తే చాలదు, ఏటా ఎంత ఖర్చవుతోందో చూడాలి. 75 ఏళ్ల పెద్దాయన మైనస్ 8 దగ్గరుండి ఏడాదికి 0.3 చొప్పున పోగొట్టుకుంటే, పదేళ్లకు మైనస్ 11. 50 ఏళ్ల మనిషి మైనస్ 4 దగ్గరే ఉన్నా, ఏడాదికి 1.5 పోతుంటే పదేళ్లకు మైనస్ 19! ఎక్కువ ప్రమాదం రెండో మనిషికే. మందు పెంచాలా, ఆపరేషన్ చేయాలా అన్నది తేల్చేటప్పుడు డాక్టర్లు ఈ వేగాన్నీ చూస్తారు. పోయిన చూపు ఎలాగూ తిరిగి రాదు.

ఈ వేగం ఒకటి రెండు టెస్టులతో తేలదు. మొదటి టెస్టులో అలవాటు లేక తప్పులొస్తాయి, అలసట ఉన్నా, శుక్లం ముదిరినా అంకె పడిపోతుంది. అందుకే యూరోపియన్ గ్లకోమా సొసైటీ కొత్త పేషెంట్లకు మొదటి రెండేళ్లు ఏడాదికి మూడు టెస్టులు సూచించింది. మన ఇళ్లలో ఇన్నిసార్లు ఖర్చు, పని మానుకోవడం కష్టమే. కనీసం డాక్టర్ చెప్పిన తేదీ మాత్రం దాటనివ్వకండి.

వీలైతే ప్రతిసారీ అదే రకం మిషన్ మీద, అదే పద్ధతిలో చేయించండి. వేరే మిషన్ అంకెలు నేరుగా పోల్చడానికి కుదరవు. ఆసుపత్రి మారితే పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి, మొట్టమొదటిది కూడా.