పైనుంచి చూస్తే అందరూ ఒక్కటే

ధాత కరువు నాటి ఫొటోలు కొన్ని ఇప్పటికీ మిగిలున్నాయి. 1876లో మొదలై 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన కరువది. ఆ ఫొటోల్లో మనుషులు నేలమీద బారులు తీరి కూర్చుని ఉంటారు. డొక్కలు లెక్కపెట్టొచ్చు. మోకాళ్లు తొడలకంటే లావుగా కనిపిస్తాయి. అప్పటి కెమెరాకు ఎవరైనా కదలకుండా ఉండాలి. అంటే, నిలబడే ఓపిక లేనివాళ్లను కుదురుగా కూర్చోబెట్టి తీసిన ఫొటోలివి.

తీసినవాడు విల్లోబీ వాలెస్ హూపర్, మద్రాసు సైన్యంలో అధికారి. ఆకలిగొన్నవాళ్లను పిలిపించి, ఫొటో తీసుకుని, పట్టెడు మెతుకులైనా పెట్టకుండా పంపేశాడని అప్పట్లోనే అతనిమీద నింద పడింది. 1886లో బర్మాలో, మాండలేలో, మరణశిక్ష పడినవాళ్లకు తుపాకి గుండు తగిలే క్షణాన్ని పట్టుకోవాలని కెమెరా ఎక్కుపెట్టాడన్న ఆరోపణతో విచారణను ఎదుర్కొన్నవాడూ ఇతనే.

పర్యావరణ డాక్యుమెంటరీల చరిత్రను మన వైపు నుంచి రాస్తే, ఈ ఫొటోలతోనే మొదలుపెట్టాలని నా ఉద్దేశం. నేల ఎండిపోవడాన్ని, మనుషులు రాలిపోవడాన్ని లోకానికి చూపించడానికి మన ప్రాంతంలో కెమెరా చేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఇవాళ భూమి వేడెక్కడం గురించి సినిమా తీసేవాళ్లు ఎదుర్కొనే ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరు తీస్తున్నారు? ఎవరిని తీస్తున్నారు? తప్పు ఎవరిమీద పెడుతున్నారు?

మన వాల్మీకిపురం అప్పటికి వాయల్పాడు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు రెండూ కడప జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. ఆ కరువు గట్టిగా కాటేసిన జిల్లాల్లో కడప ఒకటి. దేశం మొత్తమ్మీద, ఒక్క బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే, 50 లక్షల మందికి పైగా చనిపోయారు.

కారణమేమిటన్న వాదన శవాలు లేవకముందే మొదలైంది. సూర్యుడిమీద మచ్చలు తగ్గినప్పుడు మద్రాసులో వానలు తగ్గుతాయని 1877లో ప్రభుత్వ గణాంకాధికారి విలియం హంటర్ లెక్కలు కట్టాడు. ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ అతనితో గొంతు కలిపాడు. వైస్రాయి లిట్టన్‌కు ఇంకో కారణం దొరికింది. ఈ దేశంలో నేల పండించే తిండికంటే జనం వేగంగా పెరుగుతున్నారన్నాడు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది అతని సిద్ధాంతం. ఇక్కడ జనం చస్తుంటే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. కరువు పనుల్లో రాళ్లు కొట్టేవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. పౌను అంటే అరకిలో కూడా రాదు. అది మనిషిని నిలబెట్టదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కోర్నిష్ మొత్తుకున్నాడు.

వానలు పోవడం ప్రకృతి పనే. పసిఫిక్ సముద్రంలో అప్పట్లో వచ్చిన ఎల్‌నినో చరిత్రలోనే పెద్దవాటిలో ఒకటని ఇప్పటి శాస్త్రవేత్తలు అంటున్నారు. అయితే ఎండ పంటను చంపింది, మనుషుల్ని చంపింది మాత్రం ధర, కూలి, ఓడ. హూపర్ ఫొటోల్లో ఈ మూడూ ఎక్కడా కనిపించవు. డొక్కలు మాత్రమే కనిపిస్తాయి.

మనిషి చేతలు వాతావరణాన్ని మారుస్తాయా అన్న చర్చ మనకు కొత్తగా పడమటి నుంచి దిగుమతి అయిందని చాలామంది అనుకుంటారు. మద్రాసులో సైనిక వైద్యుడిగా పనిచేసిన ఎడ్వర్డ్ బాల్ఫర్ 1849లోనే చెట్లకూ వానకూ తేమకూ ఉన్న సంబంధం గురించి వ్యాసం అచ్చువేశాడు. అడవులు నరికితే ఊటలు ఎండిపోతాయని అతని వాదన. 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ మద్రాసు రాజధానికి మొదటి అడవుల కన్సర్వేటర్ అయ్యాడు. అదే సంవత్సరం మద్రాసు నుంచి ఆర్కాటు వైపు రైలు నడిచింది. పట్టాల కింద దిమ్మెలకు, ఇంజన్ల కడుపులోకి కట్టెలకు అడవులు కరిగిపోవడం క్లెగ్‌హార్న్ కళ్లారా చూశాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో రైలుకు కొమ్మ నరికినవాడు గుత్తేదారుగానే ఉండిపోయాడు, పొయ్యికి పుల్ల ఏరుకున్నవాడు దొంగయ్యాడు.

ఆ కాలపు గుర్తు ఒకటి మన కళ్లముందే నిలబడి ఉంది. హార్స్‌లీ కొండమీద 1859లో నాటిన జామాయిల్ చెట్టు, పేరు కల్యాణి. ఆ కొండకు కడప కలెక్టరు హార్స్‌లీ పేరు రాకముందు జనం పిలిచిన పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే దిక్కులేని పిల్లను ఏనుగులు సాకాయని కథ. కథలో ఏనుగులున్నాయిగానీ, ఆ చెట్టు నాటే నాటికి ఆ కొండమీద ఏనుగు లేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు మాత్రం వేళ్లూనింది. తర్వాత దాని జాతి ఎంత పాకిందంటే, నేలలో నీళ్లు లాగేస్తోందన్న గోలతో పొరుగున కర్ణాటక 2017లో జామాయిల్ కొత్తగా నాటడాన్నే ఆపేసింది. చెట్టు నాటడమూ మనిషి చేసిన పనే, లాభమో నష్టమో తేలడానికి నూటయాభై ఏళ్లు పట్టింది.

కెమెరా దగ్గరికి మళ్లీ వద్దాం. 1948లో ఫిల్మ్స్ డివిజన్ పుట్టింది. సినిమా హాళ్లలో అసలు బొమ్మకు ముందు దాని వార్తాచిత్రమో డాక్యుమెంటరీయో వేసి తీరాల్సి వచ్చేది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, కొత్త విత్తనాలు. రైతు వాటిలో ఉంటాడు, మాట్లాడడు. వెనకనుంచి గంభీరమైన గొంతు ఒకటి అతని తరఫున అన్నీ చెప్పేస్తుంది.

ఆ గొంతును పక్కకు తప్పించినవాళ్లు మన తెలుగు ఆడవాళ్లు. ఈ సంగతి మనలోనే చాలామందికి తెలియకపోవడం బాధగా ఉంటుంది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు పి.వి.సతీష్, ఒకప్పుడు దూరదర్శన్‌లో నిర్మాత. 2023లో కన్నుమూశారు. ఆ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, వీడియో కెమెరా నేర్చుకున్నారు. నేర్చుకుంటున్నప్పుడు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. దొర గడీ అరుగుమీద నుంచి కూలిని చూసే చూపు. కంటికి కన్ను సమానంగా చూస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ చాపమీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి.

సినిమా గురించి ఇంత సూటిగా చెప్పిన మాట నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ ఖరీఫ్‌లో వరంగల్ రైతులు ఖరీదైన విత్తనం కొని వేశారు. పస్తాపూర్ ఆడవాళ్లు ఆ పంటకాలం పొడుగునా అవే ఊళ్లకు, అవే చేలకు మళ్లీ మళ్లీ వెళ్లారు. మొలక దగ్గర, పూత దగ్గర, పత్తి తీతల దగ్గర, చివరికి లెక్క చూసుకునే దగ్గర రైతు మొహం ఎలా మారుతూ వచ్చిందో పట్టుకున్నారు. వరంగల్ రైతులకు బీటీ పత్తిమీద కోపమెందుకని అడిగే ఆ చిత్రం 2003లో వచ్చింది. విదేశాల్లోనూ ఆడింది. 2002లో మొదట అనుమతి పొందిన మూడు బీటీ రకాలకు 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఆ తర్వాత వచ్చిన బీటీ రకాలు దేశమంతా పత్తి చేలల్లో తొంభై శాతానికి పైగా ఆక్రమించాయన్నదీ నిజమే. ఆ ఒక్క ఏడాది చూసి అంతా తేల్చేయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. అడగొచ్చు. ఆ ఏడాది ఆ చేలల్లో ఏం జరిగిందో మాత్రం ఇక ఎవరూ చెరిపేయలేరు.

ఇప్పుడు పెద్ద తెరమీద వచ్చిన రెండు సినిమాలు చూడండి. 2009 జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ యాన్ ఆర్టస్ బెర్ట్రాండ్ తీసిన ‘హోమ్’ విడుదలైంది. దాదాపు మొత్తం ఆకాశం నుంచి తీసిందే. కన్ను తిప్పుకోలేం, అంత అందం. కానీ అంత ఎత్తు నుంచి మనిషి మనిషిగా కనిపించడు, మచ్చలా కనిపిస్తాడు. పొలాలు గళ్లు, నగరాలు పుండ్లు. మానవజాతి అనే ఒకే ముద్ద భూమిని తినేస్తున్నట్టు అనిపిస్తుంది.

రెండోది ‘ప్లానెట్ ఆఫ్ ది హ్యూమన్స్’. జెఫ్ గిబ్స్ దర్శకుడు, మైకేల్ మూర్ వెనక నిలబడ్డాడు. 2020 ఏప్రిల్ 21న యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. సౌర విద్యుత్తు, గాలిమరలు కూడా గనుల మీదా బొగ్గు మీదా ఆధారపడ్డవేనని, కట్టెలు కాల్చి కరెంటు తీయడం అడవికి చేటని అందులో చెప్పారు. కట్టెల విషయంలో వాళ్లది మంచి ప్రశ్న. సౌరఫలకాల గురించి చెప్పినవి ఎప్పుడో పాతబడిన లెక్కలని శాస్త్రవేత్తలు మండిపడ్డారు. చివరికి ఆ సినిమా తేల్చిందేమిటంటే, మనుషులు ఎక్కువైపోయారని.

ఈ మాట 1877లో లిట్టన్ అన్నదే. నూట నలభై మూడేళ్ల తర్వాత, భూమిమీద ప్రేమతో, మళ్లీ అదే మాట. భారతీయుడు సగటున ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమైతే, అమెరికావాడు సుమారు పద్నాలుగు టన్నులకు కారణం. ఇక మన లోపలే కుప్పం దగ్గర రాగి సంగటి తిని మేకలు తోలుకునే మనిషికీ, వారానికి రెండుసార్లు బెంగళూరు నుంచి విమానమెక్కే మనిషికీ మధ్య ఎంత దూరముందో ఎవరూ కొలిచి చెప్పనక్కర్లేదు. ఈ ఇద్దరినీ కలిపి ‘మానవజాతి’ అని ఒక్క పేరు పెట్టడం, నా దృష్టిలో, పటేల్ షాట్.

గిబ్స్ లేవనెత్తిన సౌర విద్యుత్తు సంగతిని దగ్గర్లోనే పరీక్షించుకోవచ్చు. వాల్మీకిపురానికి ఉత్తరాన నంబులపూలకుంట, గాలివీడు మండలాల్లో 1500 మెగావాట్ల లక్ష్యంతో సోలార్ పార్కు పెట్టారు. ఎండే పంటగా పండే నేలమీద ఎండను అమ్ముకోవడం మంచి ఆలోచన. బొగ్గు అంతకంత మిగులుతుంది. అయితే పట్టా లేకుండా ఏళ్ల తరబడి ఆ నేల దున్నుకున్నవాళ్ల పరిహారం ఏమిటి, జీవాలు ఎక్కడ మేయాలి అన్న పేచీ వచ్చింది. ఫలకం తప్పు కాదది. కాగితంలో ‘బంజరు’ అని రాసుకున్నవాళ్ల తప్పు. పైనుంచి చూస్తే బంజరే మరి.

బంజరంటే గుర్తొచ్చింది, తెట్టు పక్కన రిషి వ్యాలీ. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920ల్లో అక్కడి పెద్ద మర్రి చెట్టును చూసి బడికి చోటు ఎంచుకున్నారని చెబుతారు. అప్పుడు చుట్టూ ఉన్నవి బోడిగుట్టలు. దశాబ్దాలపాటు చెట్లు పెంచి, కొండవాలు మీద మేతను అదుపు చేసి, వాన నీటిని ఇంకే కుంటలకు మళ్లిస్తే లోయ మారింది. 1991లో దాన్ని పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించుకున్నారు. అక్కడి పక్షుల గురించి, వాటి నెలవులు తిరిగి లేవడం గురించి ఎస్.రంగస్వామి, ఎస్.శ్రీధర్ 1993లో పుస్తకమే రాశారు. మనిషి ప్రభావం అంటే నాశనమేనని వాదించేవాళ్లు వచ్చి చూడాల్సిన చోటిది.

అక్కడా ఒక మెలిక ఉంది. ఆ కొండల్లో, హార్స్‌లీ కొండల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1840ల్లో పక్షి శాస్త్రవేత్త జెర్డన్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు అంతరించే ముప్పున్న పక్షుల జాబితాలో ఉంది. ఆ పిట్టకు దట్టమైన అడవి అక్కర్లేదు. పెద్ద బండరాళ్లు, వాటి సందుల్లో ముళ్లపొదలు, పొదలకు చిన్న చిన్న పండ్లు కావాలి. అంటే మన కంటికి దేనికీ పనికిరానిదిగా కనిపించే గుట్టే దాని ఇల్లు. ఆ గుట్టను రాయి కోసం తవ్వినా దాని కొంప మునుగుతుంది, పచ్చదనం పేరుతో గుట్టంతా ఒకే రకం చెట్లు కిక్కిరిసేలా నాటినా మునుగుతుంది. డ్రోన్ ఎగరేస్తే ఈ సంగతి తెలియదు. తెల్లారక ముందే బండ పక్కన కూర్చోవాలి.

కుప్పం వైపు కథ ఇంకా కష్టమైంది. దాదాపు రెండు వందల ఏళ్లు అడవి ఏనుగు జాడలేని ఆంధ్రలోకి 1980ల్లో హోసూరు, ధర్మపురి అడవుల వైపు నుంచి మందలు నడిచొచ్చాయి. అక్కడ వాటి దారులు తెగాయి, మేత తగ్గింది, కరువు తోడైంది. 1990లో పలమనేరు, కుప్పం అడవుల్లో దాదాపు 357 చదరపు కిలోమీటర్లను కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటినుంచి చెరకు, వరి, అరటి, మామిడి వేసినవాడికి రాత్రి నిద్ర లేదు. మంచెమీద కాపలా, టపాసులు, డప్పులు. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. ఏనుగులు కందకం గట్టును కాళ్లతో పడదోసి దాటడం నేర్చాయి. దొంగ కరెంటు తీగ తగిలి ఏనుగులు చచ్చాయి, ఏనుగు కాళ్ల కింద రైతులు చచ్చారు. 2025 మేలో అడవి మందలను తరిమేందుకు శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులను కర్ణాటక మనకిచ్చింది.

తమిళనాడు ముదుమలై శిబిరంలో ఒక జంట ఏనుగు పిల్లను సాకడం మీద తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ 2023లో ఆస్కార్ గెలుచుకుంది. మంచి సినిమా. దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లకు కుప్పం రైతు కంచెకు కరెంటు పెట్టే కిరాతకుడిలా కనిపిస్తే ఆశ్చర్యం లేదు, అతని సినిమా ఎవరూ తీయలేదు కాబట్టి. పస్తాపూర్ ఆడవాళ్లు వరంగల్‌లో చేసినట్టు ఇక్కడ ఒక పంటకాలం తీస్తే చాలు. నాట్లప్పుడు ఒకసారి, పొట్టకొచ్చినప్పుడు ఒకసారి, మంద దిగిన మర్నాడు పొద్దున ఒకసారి. పరిహారం దరఖాస్తు ఏ బల్ల దగ్గర ఎన్ని నెలలు కూర్చుందో, రాత్రంతా మంద వెంట తిరిగే అటవీ శాఖ ట్రాకర్‌కు జీతం సమయానికి అందిందో లేదో, హోసూరు వైపు ఆ ఏనుగుల పాత దారిలో ఇప్పుడేం కట్టారో, కట్టిందెవరో. కుప్పం, పలమనేరు కాలేజీ పిల్లల చేతుల్లో దీనికి సరిపడా కెమెరాలున్నాయి. మొదటి మంద ఏ చెరువు గట్టున దిగిందో చూసినవాళ్లు ఆ ఊళ్లలో ఇంకా బతికే ఉన్నారు, వాళ్లను ముందు అడగాలి.