కొప్పు, జడ, సవరము
తెలుగు స్త్రీల కేశసంస్కార చరిత్ర

"జుట్టున్న అమ్మ ఏ కొప్పు ముడిచినను అందమే" యని మన పెద్దలు చెప్పుదురు. కలిగినవారికి ఏది చేసినను చెల్లునని సామెత భావము. ఆ భావము నటుంచి మాటలను మాత్రమే పరికించినచో, మన పూర్వస్త్రీలు పలువిధములైన కొప్పులు ముడుచుచుండిరని తెలియుచున్నది. కురులు, నెరులు, వేనలి, ముంగురులు, తలనీలములు అని జుట్టునకును, కొప్పు, సిగ, ముడి, జడ, వేణి, ధమ్మిల్లము అని కేశబంధములకును మన భాషలో ఎన్నియో పేర్లు గలవు. ఒక వస్తువునకు ఇన్ని పేర్లు పెట్టిన జాతి దానిని ఎంత శ్రద్ధతో చూచుకొనినదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసమునకు మూలము సుపేలాలో జరిగిన ఒక చిన్న సంభాషణ. కూరగాయలమ్ము ఛత్తీస్‌గఢీ వృద్ధురాలొకతె మా వాకిట గంప దించి, మా తల్లిగారి తలవైపు చూపి, "ఖోపా చాలా బాగున్నది" యని తన భాషలో మెచ్చుకొనెను. మా తల్లిగారికి హిందీ అంతంతమాత్రమే. అయినను ఆ మాట విని, "కొప్పునే కదమ్మా అంటున్నది!" అని నవ్విరి. ఆ దినము వారిరువురును బేరము మరచి చాలసేపు ముచ్చటించుకొనిరి. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి ఛత్తీస్‌గఢీ రాదు. సంభాషణ యంతయు చేతులతోడను, జుట్టుతోడను నడచినది. ఆ ముచ్చటయే నన్నీ చరిత్రను వెదకుటకు పురికొల్పినది.

శిల్పముల సాక్ష్యము

మన కేశాలంకరణ చరిత్రకు మొదటి సాక్షులు కవులు కారు, శిల్పులు. కృష్ణాతీరమున అమరావతిలోను, ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండలోను లభించిన సున్నపురాతి ఫలకములలో స్త్రీమూర్తులు కోకొల్లలు. వారి పాపిటలయందు నగలును, తలవెనుక నేర్పుగ చుట్టిన ముడులును కానవచ్చుచున్నవి. సుమారు 1,800 సంవత్సరముల క్రిందటి ఈ యలంకారములను చూడగోరువారు మదరాసు ప్రభుత్వ మ్యూజియమునకుగాని, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకుగాని పోవలసియుండును. అమరావతి ఫలకములలో పెక్కు ఆ రెండుచోట్లకును చేరినవి.

కాకతీయుల కాలమునకు వచ్చునప్పటికి శిల్పి యులి మరింత సూక్ష్మమైనది. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప దేవాలయమున, చూరుక్రింద నిలిచిన నల్లరాతి మదనికల కొప్పులు చూచి తీరవలసినవి. ఈ యాలయము 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. 16వ శతాబ్దమునాటి లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములలో అంచుచీరలతో బాటు కొప్పుల తీరులును కానవచ్చును. విజయనగరమునకు 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అచ్చటి అంగళ్లలో గులాబీలు విరివిగా నమ్ముదురనియు, పూవులు లేనిదే ఆ ప్రజలకు ప్రొద్దుపోదన్నట్లును వ్రాసెను. కొప్పున పూవు తురుముట మన స్త్రీలకు పండుగనాటి ముచ్చట మాత్రమే కాదు, నిత్యకృత్యము.

ఇతిహాసములలో జడ

అశోకవనమున సీతాదేవి ఏకవేణియై యుండెను. భర్త చెంత లేని స్త్రీ జుట్టును పలుపాయలుగ తీర్చి యలంకరించుకొనక, ఒక్క జడగా విడిచియుంచుట నాటి యాచారము. కాళిదాసు మేఘసందేశమున యక్షుని భార్యయు నట్లే యుండెను. సీత హనుమంతునిచేత రామునికి పంపిన గుర్తు చూడామణి; అదియును తలమీది నగయే.

భారతకథ యంతయు ఒక జుట్టుముడి చుట్టును తిరిగినదన్నను అతిశయోక్తి కాదు. నిండుసభలో దుశ్శాసనుడు పట్టి యీడ్చిన తలవెండ్రుకలను చేతబట్టి చూపి, సంధి మాట లాడునపుడు వీనిని మరువకుమని ద్రౌపది శ్రీకృష్ణుని వేడుకొనెను. భట్టనారాయణుడు సంస్కృతమున ఆ కథను నాటకముగ వ్రాసి "వేణీసంహారము" అనియే పేరు పెట్టెను. జుట్టు పట్టుట అవమానములలోకెల్ల పెద్ద యవమానమని మన సమాజము తలచుటకు ఈ కథయే నిదర్శనము.

తెలుగువారికి జడ యనగనే మొదట జ్ఞప్తికి వచ్చునది సత్యభామ. ఆమె యలుకకు కారణమును పూవే: రుక్మిణి కొప్పునకు చేరిన పారిజాతము. శ్రీకృష్ణదేవరాయల యాస్థానకవి నంది తిమ్మన ఆ కథనే ప్రబంధముగ రచించెను. సిద్ధేంద్రయోగి పేర వెలసిన భామాకలాపమున సత్యభామ పాత్రధారి తెరవెనుక నిలిచి, ముందుగ తన జడను తెరమీదుగా ప్రేక్షకులవైపు వేయును. నృత్యమున తన్ను మించినవారున్నచో ఆ జడను కోసివేయవచ్చుననుట ఆ సవాలులోని యర్థమని కూచిపూడివారు చెప్పుదురు. ఇందు మరియొక విశేషము గలదు. చిరకాలము ఆ పాత్రను ధరించినవారు పురుషులే. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1970లో పద్మశ్రీని పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషమున ప్రఖ్యాతులు. పురుషుని తలకు సవరము కట్టి, నాగరము, జడబిళ్ళలు, కుచ్చులు తీర్చినపుడుగాని ఆయన సత్యభామ కాలేదు.

నగలు, పూలజడ

జడకు మనవారు చేయించిన నగలు అనేకములు. పాపిటకు పాపిటబిళ్ళ, చేరుచుక్క. నడినెత్తి కిరుప్రక్కల సూర్యవంక, చంద్రవంక. కొప్పు మొదట రాగిడి. దాని క్రింద నాగరము. జడ పొడవున బిళ్ళలు. చివర కుప్పెలు లేక కుచ్చులు. ఇందు కొన్ని నేటి యువతులకు నాట్యప్రదర్శనములలోను, పెండ్లి ఫోటోలలోను మాత్రమే కనబడుచున్నవి.

పూలజడ వేరొక విద్య. మల్లెమొగ్గలను విచ్చకముందే కోయవలెను. అట్టముక్కమీదగాని, అరటిపట్టమీదగాని వరుసగ కుట్టి, నడుమ కనకాంబరములతో గళ్ళు తీర్చి, దానిని జడకు బిగింతురు. కొన్నియెడల సూదితో జడకే కుట్టుదురు. మొగలిరేకులను మడచి కుట్టు మొగలిజడ వాసన మరునాటికిని పోదు. ఒక పూలజడకు ఇద్దరు ముగ్గురు స్త్రీలు పూటంతయు కూర్చుండవలసినదే. కావుననే అది పెండ్లికూతురునకును, సీమంతము నాటి గర్భవతికిని, ఊరిలో అందరి ముద్దుబిడ్డకును చేయబడెడిది. సీమంతమనగా పాపిట యని యర్థము. గృహ్యసూత్రములు చెప్పిన ఆ కర్మలో భర్త ఏదుపంది ముల్లుతో భార్యకు పాపిట తీయవలెను. తల్లి కాబోవు స్త్రీ జుట్టును భర్త స్వయముగ తీర్చుట ఎంతటి మర్యాద!

తలంటు శాస్త్రము

అలంకారమునకు ముందు పోషణము. వాత్స్యాయనుడు 64 కళలలో కేశమర్దనము నొకటిగ లెక్కించెను. మన యిండ్లలో శుక్రవారపు తలంటికి ముందుగ నువ్వులనూనెయో, కొబ్బరినూనెయో, ఆముదమో మాడున మర్దించి, కుంకుడుకాయల రసముతోగాని, శీకాయపొడితోగాని రుద్దుదురు. మెంతులు నానబెట్టి నూరిన ముద్ద, మందారాకు, గుంటగలగరాకు, ఉసిరిక ఇందుకు తోడు. పిమ్మట సాంబ్రాణి ధూపము. బాల్యమున కుంకుడురసము కన్నులలో పడి యేడువని తెలుగువాడుండునా!

ఇందు శాస్త్రమేమియును లేదని కొట్టివేయరాదు. కుంకుడుకాయలో సపోనిన్ అను పదార్థముండుటచేత నురుగు పుట్టి జిడ్డు విడిపోవును. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కొంతవరకు చొరబడి, కడుగునపుడు అందలి మాంసకృత్తుల నష్టమును తగ్గించునని నేటి పరిశోధకులు కనుగొనిరి. "షాంపూ" అను పేరును మనదే: అది "చాంపో", అనగా మర్దించుము, అను హిందీ మాటనుండి పుట్టినది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మదు 19వ శతాబ్దారంభమున ఇంగ్లండులోని బ్రైటను పట్టణమున స్నానశాల పెట్టి ఆ మాటను అచ్చటివారికి నేర్పెను.

అయితే ఏ తైలమును చేయలేనిది యొకటి గలదు. మనుష్యుని తలపై సుమారు 1,00,000 వెంట్రుకలుండును. ఒక్కొక్కటి నెలకు ఒక సెంటీమీటరుకు కొంచెము మించి పెరుగును. రెండు మొదలు ఆరేండ్లు పెరిగి, విశ్రమించి, రాలిపోవును. ఆ పెరుగుకాలము ఎవరికెంతయో పుట్టుకతోనే నిర్ణయమై యుండును గనుక, జడ బారెడగునో మూరెడగునో నూనెసీసా నిర్ణయింపజాలదు. దినమునకు 50 మొదలు 100 వెంట్రుకలు రాలుట సహజమే. దువ్వెనలో నాలుగు పోగులు కనబడినంతనే బెంగపడ నక్కరలేదు. కాని జడను నిత్యమును మిక్కిలి బిగించి లాగి అల్లినచో నుదుటిపైని కుదుళ్ళు దెబ్బతిని జుట్టు పలుచబడును. తడిజుట్టును చిక్కుదువ్వెనతో లాగరాదనియు, చివరలనుండి మొదలిడి పైకి చిక్కు తీయవలెననియు మన యమ్మమ్మలు చెప్పిన మాట నేటికిని సరియైనదే.

కొప్పు లేని కథ

ఇంతవరకు చెప్పినదంతయు వేడుకల చరిత్ర. వేడుక కాని చరిత్రయు నొకటి గలదు. దానిని దాచినచో ఈ వ్యాసము అబద్ధమగును. కొన్ని కులములలో భర్త మరణించిన స్త్రీకి తల గొరిగించుట ఆచారముగ నుండెను. ఎనిమిదేండ్లకు పెండ్లియై పండ్రెండేండ్లకు వైధవ్యము పొందిన బాలికలును దీనికి గురియైరి. అదే యింట ఒక కూతురునకు పూలజడ, ఇంకొక కూతురునకు మంగలికత్తి! సీమంతమున పాపిట తీసిన సమాజమే ఆ పాపిటను తుడిచివేసినది.

విధవా పునర్వివాహమును 1856 నాటి చట్టము అంగీకరించినను సంఘ మంగీకరింపలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు వారికి కలిగిన వెలి, నిందలు, బెదరింపులు తెలుగుదేశ మెరిగినవే. గురజాడవారి కన్యాశుల్కము 1892లో తొలుత ప్రదర్శింపబడినపుడు బాలవితంతువైన బుచ్చమ్మ రంగస్థలముపై నిలిచినది. మా వంశముననే ఒక ముత్తవ యుండెడిదట. ఆమె తెల్లని ముసుగు తీయక, ప్రతి శుక్రవారమును మనుమరాండ్ర కందరకు తానే తలలంటి జడలు వేసెడిదట. తన తలకు లేని యలంకారమును ఇన్ని తలలకు చేసిన ఆ చేతులను తలచినపుడు నాకు గొంతు పెగలదు.

తిరుమల కల్యాణకట్టలో భక్తురాలు తలనీలములు సమర్పించుట దీనికి భిన్నము. అది ఆమె మ్రొక్కు, ఆమె ఇచ్చినది. స్వామికి నీలాదేవి తన కురులను సమర్పించెనను గాథ దానికి మూలముగ చెప్పుదురు. దేవస్థానమువారు ఆ కేశములను వేలము వేయగా, అవి సవరములై దేశదేశములకు పోవుచున్నవి. తలగొరుగుట రెండుచోట్లను నొకటే. ఒకచోట ఇచ్చట, ఒకచోట లాగుకొనుట. జుట్టు చరిత్రలోని ధర్మమంతయు ఈ భేదమునందే యున్నది.

యంత్రముల నడుమ

1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారి చేతులమీదుగా భిలాయి మొదటి బ్లాస్టు ఫర్నేసు ఆరంభమైనది. శ్రీకాకుళ, విశాఖ మండలములనుండి మనవారు విజయనగరము–రాయపూరు రైలుమార్గమున ఇచ్చటికి చేరిరి. పెట్టెలలో ఆవకాయ జాడీతోబాటు కుంకుడుకాయల మూటయు వచ్చినది. ఈ నేలకును తనదైన కేశసంప్రదాయము గలదు. ఛత్తీస్‌గఢీ స్త్రీలు జడకు రంగుదారముల "ఫుందరా" కట్టుదురు. వారి దువ్వెన "కకఈ". బస్తరు మురియాల యువకులు తాము చెక్కిన దువ్వెనలను యువతులకు ప్రేమకానుకగ నిచ్చుటను, ఆ యువతులు వానిని తలలో ధరించుటను వెరియర్ ఎల్విన్ 1947 నాటి గ్రంథమున వర్ణించెను.

ఉక్కునగరమున జుట్టునకు క్రొత్త ప్రశ్న యొకటి పుట్టినది. తిరుగు యంత్రమునకు వదులుజడ యమునిపాశము వంటిది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో కర్మాగారములకు వచ్చిన స్త్రీలు సినిమాతార వెరోనికా లేక్ వలె ఒక కంటిపై జుట్టు జారవిడచుటచేత ప్రమాదము కలుగునని, 1943లో ఆమెయే తన జుట్టును ఎత్తి ముడిచి వారికి మార్గము చూపినది. నేడు కర్మాగారములలో పనిచేయు మన యాడుపడుచులు హెల్మెట్టు క్రింద జుట్టును బిగించి ముడుచుచున్నారు. అమరావతి శిల్పములలోని ముడి ఇచ్చట రక్షణకవచమైనది. కొప్పు మరల పనికి వచ్చినదని సంతసింపవలదా?

మన పిల్లలలో కొందరు జుట్టు కత్తిరించుకొనుచున్నారు. కొందరు పొడవుగ పెంచి, కాన్సరు రోగుల సవరములకై దానము చేయుచున్నారు. పెద్దలు నొచ్చుకొన పనిలేదు. ముత్తవకు లేని స్వేచ్ఛ మునిమనుమరాలికి కలిగినది. కాని కుంకుడురసము తీయు పాళ్ళును, నాలుగుపాయల జడ యల్లికయు, మొగలిజడ కుట్టుపనియు నేర్పక విడుచుట మాత్రము మన తప్పే యగును. వేసికొనుట, మానుట పిల్ల యిష్టము. నేర్పుట మన విధి.

ఆ కూరగాయల ముసలమ్మ ఇప్పటికిని వచ్చుచున్నది. ఈ సంక్రాంతికి మా తల్లిగారు ఆమె ఖోపాలో రెండు చేమంతులు తురిమిరి. ఆమె మరునాడు మా పాపకొరకు ఎఱ్ఱని ఫుందరా యొకటి తెచ్చి యిచ్చినది.