ఇంటిపేరులో ఏనుగు

ఉండి నుంచి ఆకివీడు దాటి ఉప్పుటేరు గట్టున నిలబడితే చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు, చుట్టూ కొంగలు. ఏనుగు ఊసే లేదు. కానీ ఆ ఏటి కథ గజపతి కథే. కొల్లేటికోటలోని గజపతిని పట్టలేక, సరస్సు నీళ్లు సముద్రంలోకి దింపేద్దామని శత్రువులు తవ్విన కాలువే ఉప్పుటేరని లంక గ్రామాల్లో చెబుతారు. కథ సంగతెలా ఉన్నా, గజపతి అన్నది ఒడిశా రాజుల బిరుదు. ఏనుగుల బలమే రాజుకు బలమైన రోజులవి.

గోదావరి అవతల, భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన లక్ష్మణకవి వంశానికి అసలు ఇంటిపేరు పైడిపాటి. పూర్వీకుడొకరికి పెద్దాపురం ప్రభువులు ఏనుగును బహూకరించారట. ఇంటిపేరే ‘ఏనుగు’ అయిపోయింది. పండితుడి పెరట్లో దానికి మేత ఎలా సరిపెట్టారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు!

ఏనుగును దగ్గరగా చూసినవాడు అమరావతి శిల్పి. చెన్నై మ్యూజియంలోని గుండ్రటి ఫలకం మీద నలగిరి అనే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి మనిషిని తొండంతో పట్టింది. మేడ మీద జనం తొంగిచూస్తున్నారు. మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది.

మద్రాసు ప్రెసిడెన్సీ 1873లో అడవి ఏనుగుల రక్షణకు చట్టం తెచ్చేనాటికే మన చిత్తూరు అడవుల్లో అవి లేవు. దాదాపు రెండు వందల ఏళ్లు జాడ లేకుండా పోయాక, 1980లలో, హోసూరు, ధర్మపురి వైపు నుంచి కుప్పం అడవుల్లోకి దిగాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం వెలిసింది. అడవి దాటితే చెరకు, అరటి, వరి. రాత్రికి రాత్రే పంట పోయిన రైతు కోపం అబద్ధం కాదు. సోలార్ కంచె ఒక్క క్షణం జల్లుమనిపించి వదిలేస్తుంది. మెయిన్ లైను నుంచి దొంగతనంగా లాగిన తీగ వదలదు.

ఉత్తరాన ఒడిశా నుంచి వచ్చిన మందలదీ ఇదే గోడు. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒక్కచోటే కూలిపోయాయి. 2025 మేలో కర్ణాటక మనకు కుంకీ ఏనుగులనిచ్చింది. ఊళ్ల మీద పడ్డ మందను అడవికి మళ్లించడం వాటి పని. కిందికి వేలాడే కరెంటు తీగను పైకి కట్టడం మాత్రం వాటి వల్ల కాదు.

మా చెరువు గట్టు మీద తీగ జారితే లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాం. మనిషి తలకు అందకపోతే చాలనుకుంటాం. తొండమెత్తిన ఏనుగుకు అంతకు రెండింతల ఎత్తయినా అందుతుంది.